అంచనాలో రాయని పద్దు: జేమ్స్‌టౌన్, సిరొంచ, మన చలిజ్వరం



చరిత్రను తేదీల పట్టికగా బట్టీ పడితే పరీక్ష రాసిన మర్నాటికి మరచిపోతాం. అదే చరిత్రను మన ఊరి పక్కన పెట్టి చూస్తే జీవితాంతం ఉపయోగపడుతుంది. ఈ పాఠంలో రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చదువుదాం. ఒకటి అమెరికాలో ఇంగ్లీషువారు 1607లో వేసిన జేమ్స్‌టౌన్ వలస. రెండోది మన సిరొంచ. ఇక్కడ ఇంగ్లీషువారు 1860 తరువాత జిల్లా కచేరీ పెట్టి, గోదావరిని పడవల దారిగా మార్చాలని చూశారు. నేను కామర్స్ చదివినవాడిని, బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. కనుక రాజుల కథలాగా కాక, జమాఖర్చుల లెక్కలాగా ఈ పాఠం చెబుతాను. పాఠం చివర ఉన్న లెక్క మాత్రం మన ఇళ్లకు సంబంధించినది. తల్లిదండ్రులు దానిని తప్పక చదవాలని మనవి.

1. జేమ్స్‌టౌన్: డబ్బు ఉంది, తిండి లేదు

1606లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ లండన్‌లోని వర్జీనియా కంపెనీకి పట్టా ఇచ్చాడు. అది జాయింట్ స్టాక్ కంపెనీ. అంటే చాలామంది వాటాలు కొని పెట్టుబడి పెడతారు, లాభం వస్తే వాటా ప్రకారం పంచుకుంటారు. అమెరికా తీరంలో బంగారం దొరుకుతుందని, ఆసియాకు దగ్గరి దారి కనిపిస్తుందని వాటాదారుల ఆశ. ఇదే కాలంలో, 1611లో, మరొక ఇంగ్లీషు కంపెనీ అయిన ఈస్టిండియా కంపెనీ మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అక్కడ వారు అప్పటికే నడుస్తున్న రేవులో బట్టలు కొనడానికి వచ్చిన వ్యాపారులు. జేమ్స్‌టౌన్‌లో మాత్రం అడవి అంచున కొత్తగా ఊరు కట్టి బతకాలి.

మూడు ఓడలలో వచ్చిన 104 మంది మగవారు, మగపిల్లలు 1607 మే నెలలో ఒక నది ఒడ్డున కోట కట్టుకున్నారు. శత్రువుల ఓడలనుంచి కాపాడుకోవడానికి ఆ చోటు బాగుంది. బతకడానికి మాత్రం బాగులేదు. చుట్టూ బురద నేల. వేసవిలో నదినీళ్లు ఉప్పగా మారతాయి. అవే నీళ్లు తాగారు. వచ్చినవారిలో దాదాపు సగం మంది పట్టికలో పెద్దమనుషులుగా రాయించుకున్నవారే. దున్నడం, చేపలు పట్టడం వారికి అలవాటు లేదు. విరేచనాలు, జ్వరాలు, ఆకలి మొదలయ్యాయి. 1608 జనవరిలో తరువాతి ఓడ వచ్చేసరికి మిగిలినవారు 38 మంది.

ఆ ప్రాంతంలో పౌహటన్ అనే నాయకుని కింద అనేక తెగలవారు మొక్కజొన్న పండించుకుంటూ జీవించేవారు. జాన్ స్మిత్ అనే వలస నాయకుడు వారి మాటలు కొన్ని నేర్చుకుని, గొడ్డళ్లు, రాగి వస్తువులు ఇచ్చి మొక్కజొన్న తెచ్చేవాడు. అడిగినప్పుడు ఇవ్వకపోతే బెదిరించి తెచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1609లో అతను గాయపడి ఇంగ్లండు వెళ్లిపోయాడు. సంబంధాలు పూర్తిగా చెడి, కోట బయటికి వెళ్లలేని పరిస్థితి వచ్చింది. 1609-10 చలికాలాన్ని చరిత్రలో ఆకలి కాలం అంటారు. గుర్రాలను, కుక్కలను, చివరికి ఎలుకలను కూడా తిన్నారు. చలికాలానికి ముందు కొన్ని వందల మంది ఉండగా, వసంతానికి కోటలో మిగిలినవారు సుమారు 60 మంది.

ఇంకొక కారణం వారికి తెలియనే తెలియదు. పాత చెట్ల కాండాలలోని వలయాలను లెక్కించి శాస్త్రజ్ఞులు 1998లో ఒక విషయం ప్రకటించారు. 1606 నుంచి 1612 వరకు అక్కడ పడిన కరువు అంతకు ముందు, తరువాత కలిపి సుమారు 770 ఏళ్లలో అతి తీవ్రమైనది. అంటే మొక్కజొన్న ఇవ్వమంటే స్థానికులు కాదనడానికి వారి ఆకలి కూడా కారణమే. తమ గాదెలే నిండనివారు ఇంకొకరికి ఏమి పెడతారు?

తరువాత పొగాకు పంట వల్ల ఆ వలస నిలిచింది. కానీ కంపెనీ నిలవలేదు. 1624లో దాని పట్టా రద్దయింది. పొగాకు తోటల కోసం స్థానిక తెగల భూములు పోయాయి. 1619 నుంచి ఆఫ్రికా మనుషులను తెచ్చి పని చేయించారు. ఒకరు బతికిన ఖర్చు మరొకరి ఖాతాలో పడింది. దీన్ని కూడా లెక్కలో రాసుకోవాలి.

2. గోదావరి మీద ఇంకొక అంచనా

ఇక మన ప్రాంతానికి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్‌కు నీటిదారుల మీద గట్టి నమ్మకం. నాగపూర్, బేరార్ ప్రాంతాల పత్తిని ఎడ్లబండ్ల మీద వందల మైళ్లు తోలే బదులు, వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల మీద పడవలలో సముద్రతీరానికి చేర్చవచ్చని ఆయన వాదించాడు. ఆయన దగ్గర పనిచేసిన ఇంజనీరు హేగ్ ఎగువ గోదావరి పనులను చేపట్టాడు. సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ టెంపుల్ కూడా ఈ పథకాన్ని బలపరిచాడు.

ఆ దారి మధ్యలో ఉన్నది మన సిరొంచ. ప్రాణహిత ఎడమ ఒడ్డున, అది గోదావరిలో కలిసేచోటికి కాస్త ఎగువన ఉంది. ఎదుటి ఒడ్డున కాళేశ్వరం. కొంత దిగువన ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. మూడు నదుల కూడలి కనుక పటం చూసినవారెవరైనా ఇక్కడే కేంద్రం పెట్టాలని అంటారు.

1860లో నిజాముతో చేసుకున్న ఒప్పందం ప్రకారం గోదావరి, ప్రాణహిత ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు ఇంగ్లీషువారి చేతికి వచ్చాయి. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి వాటిలోనివి. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరొంచ దాని ముఖ్యపట్టణం అయింది. ఈ జిల్లా డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న గ్లాస్‌ఫర్డ్ 1862లో బస్తర్ రాజ్యం మీద రాసిన నివేదికను చరిత్రకారులు ఇప్పటికీ చదువుతుంటారు.

ఇంగ్లీషువారికి ఈ అడవి మొదటిసారి ఎదురైనది స్నేహంగా కాదు. 1858లో మొలంపల్లి జమీందారు బాబూరావు శేడ్మాకే, అడపల్లి జమీందారు వెంకటరావుతో కలిసి తిరుగుబాటు చేశాడు. ఆ ఏడాది ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించ్‌గుండి దగ్గర తంతి పనివారి మకాం మీద దాడి జరిగింది. గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. పీటర్ అనే మూడో ఉద్యోగి తప్పించుకున్నాడు. బాబూరావును పట్టుకుని అదే ఏడాది అక్టోబరు 21న చాందాలో ఉరితీశారు. కచేరీ పెట్టకముందే ఈ నేల ఒక మాట చెప్పింది. ఇక్కడ ఉన్నవారిని అడగకుండా గీసిన గీత కాగితం మీద నిలుస్తుంది గాని నేల మీద నిలవదు.

3. రాయి కనిపించింది, జ్వరం కనిపించలేదు

పడవల దారికి మూడు చోట్ల రాతిపరుపులు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది సిరొంచకు దిగువన ఇంచంపల్లి దగ్గర. మూడోది ఎగువన ప్రాణహిత మీద దేవల్‌మరి దగ్గర. అడ్డంకి ఉన్నచోట ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, లాకుల ద్వారా పడవలను పైకెక్కించాలి, కిందికి దించాలి. ఇది ఇంజనీరింగుకు అందే పనే. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు కట్టి చూపించారు కూడా.

రాయి కంటికి కనిపిస్తుంది. కొలిచి, పేల్చి, ఖర్చు ఇంత అని రాయవచ్చు. ఆ అంచనాలో రాయనిది జ్వరం.

ఒకసారి పని క్యాలెండరు చూడండి. వానాకాలంలో వరద ఉంటుంది కనుక నదిలో పునాది తవ్వలేరు. వరద తగ్గాక పని మొదలుపెట్టాలి. కానీ వరద తగ్గే రోజులే చలిజ్వరం విజృంభించే రోజులు. ఒడ్డున మడుగులు నిలుస్తాయి. వాగులు నెమ్మదిగా పారుతుంటాయి. దోమలు పెరగడానికి ఇంతకంటే మంచి కాలం లేదు. రాయి తీసిన గుంటలు, మట్టి తీసిన గుంటలు అదనంగా మడుగులయ్యాయి. అడవిలో మనుషులు పలచగా ఉండేవారు. కనుక పనివారిని దిగువనుంచి రప్పించవలసి వచ్చింది. వారంతా ఒకేచోట ఆకుల పాకలలో మకాం వేశారు. చిన్ననాటినుంచి ఈ జ్వరం పడి లేచినవారి శరీరానికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. కొత్తగా వచ్చినవారికి అది ఉండదు. జ్వరగ్రస్తుడైన ఒక మనిషి, పక్కన వందమంది కొత్తవారు, నడుమ దోమలు. ఇక ఏమి జరుగుతుందో మీరే ఊహించగలరు.

ఆ రోజుల్లో వైద్యులు ఈ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందని అనుకునేవారు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో అర్థం అదే. గాలి అనుకున్నవారు బంగళాను ఎత్తు మీద కట్టుకున్నారు, రాత్రి కిటికీలు మూసుకున్నారు. పెద్ద దొరకు గదీ, దోమతెరా, క్వినైనూ ఉంటాయి. ఆకుల పాకలోని కూలీకి ఇవేవీ లేవు. హేగ్, గ్లాస్‌ఫర్డ్ పేర్లు పుస్తకాల్లో మిగిలాయి. మట్టి మోసి, జ్వరపడి చనిపోయిన కూలీల పేర్లు ఆ పుస్తకాల్లో లేవు. వలస కష్టాల చరిత్ర చదివేటప్పుడు ఈ తేడాను మరువకూడదు.

4. 1871: ఖాతా మూసివేత

పదేళ్లు పని సాగాక, 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను నిలిపివేసింది. ఎందుకో చూద్దాం.

మొదటి కారణం మార్కెట్టు. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరగడంతో ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. మన పత్తికి విపరీతమైన ధర వచ్చింది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. గిరాకీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందని వేసిన అంచనా తప్పింది.

రెండో కారణం పోటీ. 1867లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే నాగపూరు చేరింది. ఏడాదికి కొన్ని నెలలే నడిచే పడవ కంటే ఏడాదంతా నడిచే రైలు వ్యాపారికి నచ్చుతుంది. పత్తి బొంబాయి దారి పట్టింది.

మూడో కారణం జ్వరం, కూలీల కొరత. పనివాడు పడుకుంటే పని ఆగుతుంది. పని ఆగితే ఆ సీజను పోతుంది. సీజను పోతే మళ్లీ వరద తగ్గేదాకా ఏడాది ఆగాలి. ఈలోగా జీతాలు, వడ్డీలు ఆగవు.

1874లో ఎగువ గోదావరి జిల్లానే రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు వెళ్లాయి. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల చాందా జిల్లాలో కలిశాయి. తరువాతి కాలంలో నూగూరు, ఆల్బాక, చర్ల కూడా మద్రాసుకు వెళ్లాయి. సిరొంచ ఇటే ఉండిపోయింది. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లానుంచి గడ్చిరోలి జిల్లా విడివడింది. మన ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ వినిపించడానికి వెనుక ఈ కథ ఉంది. మనవారు ఎక్కడినుంచో వలస వచ్చినందువల్లనే ఇలా అయిందని అనుకోకండి. చాలా ఊళ్లలో మనుషులు కదలలేదు, సరిహద్దు గీతలే కదిలాయి.

5. తెలియనిది తెలిసింది

పనులు ఆగిన 26 ఏళ్లకు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సూక్ష్మదర్శినిలో ఒక దోమ పొట్టను పరిశీలించాడు. మలేరియా రోగిని కుట్టిన దోమ అది. అందులో మలేరియా క్రిమి పెరుగుతున్న గుర్తులు కనిపించాయి. ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే రోగి రక్తంలో ఆ క్రిమిని చూశాడు. అది ఒకరినుంచి మరొకరికి దోమ ద్వారా చేరుతుందని తేల్చే దారి రాస్ పరిశోధనతో దొరికింది. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దక్కను నేల మీద, మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో జరిగిన పరిశోధన ఇది.

క్వినైను మందు 1820లోనే తయారైంది. దానిని ఇచ్చే సింకోనా చెట్లను 1860 ప్రాంతంలో నీలగిరులకు తెచ్చి నాటారు. అంటే గోదావరి పనుల కాలానికి మందు ఉంది. కారణం తెలియదు. మందు ఉండి కారణం తెలియకపోతే, ఒకరికి తగ్గేలోపు ఇంకొకరికి అంటుకుంటుంది.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోండి. హేగ్‌కు తెలియనిది మనలో ఏడో తరగతి పిల్లవాడికి తెలుసు. దోమ వల్ల మలేరియా వస్తుందని గోడమీద కూడా రాసి ఉంటుంది. మరి ఆ తెలివి మన ఇంటిలో ఏ మేరకు పనిచేస్తోంది?

6. నిలిచిన ఒక మకాం

బయటివారు ఈ అడవిలో నిలవలేరని అనుకోకూడదు. 1973 డిసెంబరులో బాబా ఆమ్టే మన జిల్లాలోని భామ్రాగడ్ అడవిలో, హేమల్‌కస దగ్గర, లోక్ బిరాదరీ ప్రకల్పను ప్రారంభించారు. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకినీ ఆమ్టే అక్కడే కాపురం పెట్టారు. ఏళ్ల తరబడి కరెంటు లేదు. వానాకాలంలో వాగులు పొంగితే రాకపోకలు ఆగిపోయేవి. మొదట్లో స్థానిక మాడియా గోండులు వారి దగ్గరికి రావడానికే జంకారు.

వారు చేసిన మొదటి పనులలో ముఖ్యమైనది మాడియా భాష నేర్చుకోవడం. రోగి మాట అర్థమైతేనే వైద్యం. తరువాత మెల్లగా నమ్మకం కుదిరింది. మెదడుకు ఎక్కిన మలేరియా, క్షయ, పాముకాటు, ఎలుగుబంటి గాయాలు అన్నిటికీ అక్కడ వైద్యం జరిగింది. 1976లో బడి పెట్టారు. ఆ బడిలో చదివిన మాడియా పిల్లలలో డాక్టర్లు అయినవారు ఉన్నారు. 2008లో ఆమ్టే దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది.

జేమ్స్‌టౌన్‌కు కంపెనీ పెట్టుబడి ఉంది, ఎగువ గోదావరికి ప్రభుత్వ ఖజానా ఉంది, హేమల్‌కసకు మొదట్లో పాకలు తప్ప ఏమీ లేవు. ఆ రెండు చోట్లా వచ్చినవారు ముందు తమకు కావలసినది ఏమిటో చూశారు. ఇక్కడ మాత్రం ఊరివారికి కావలసినది ఏమిటో ముందు అడిగారు. తేడా అక్కడ ఉంది.

7. మన ఇంటి లెక్క

బ్యాంకులో లోను కోసం వచ్చే ప్రాజెక్టు రిపోర్టులో రెండు రకాల పెట్టుబడి ఉంటుంది. షెడ్డు, మిషను కొనేది స్థిర పెట్టుబడి. రోజూ నడిపించేది వర్కింగ్ కాపిటల్. షెడ్డు బాగుండి, మిషను కొత్తదై ఉండి కూడా వర్కింగ్ కాపిటల్ లేక మూతపడిన వ్యాపారాలను ఎన్నిటినో చూశాను. చదువు కూడా అంతే. ఫీజు, పుస్తకాలు, హాస్టలు స్థిర పెట్టుబడి. స్కాలర్‌షిప్పు దానికి సరిపోతుంది. పిల్లవాడి ఆరోగ్యం వర్కింగ్ కాపిటల్. దానిని ఏ ట్రస్టూ చెక్కు రాసి ఇవ్వలేదు.

దసరా, దీపావళి నెలల్లో కౌంటరు దగ్గర నేను గమనించిన సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో పుస్తెలతాడు, కమ్మలు తెచ్చి బంగారం మీద అప్పు తీసుకునే తల్లులు వచ్చేవారు. ఫారంలో అప్పు కారణం అనేచోట ఇంటి ఖర్చులు అని రాయించేవారు. మాట కలిపితే పిల్లకో పిల్లవాడికో జ్వరమని చెప్పేవారు. మొదట ఊళ్లోనే రెండు మూడు రోజులు చూసి, సూది వేయించి, తగ్గక, చివరికి వాహనం మాట్లాడుకుని పట్నం తీసుకెళ్లేవారు. మొదటి రోజు ఉచితంగా అయ్యే రక్తపరీక్ష, వారం రోజులకు బంగారాన్ని తాకట్టులోకి తెచ్చేది.

ఇప్పుడు పలక మీద లెక్క వేయండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటినుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరునుంచి ఎనిమిది తరగతులకు 220. ఉదాహరణకు నాలుగో తరగతి పిల్లకు వానలు వెనకబట్టాక రెండుసార్లు చలిజ్వరం వచ్చి, ఒక్కోసారి పది రోజులు బడి పోయిందనుకుందాం. 200లో 20 పోయాయి. పదింట ఒక వంతు. అవి కూడా లెక్కల్లో భిన్నాలు, వ్యాకరణంలో విభక్తులు చెప్పే రోజులు కావచ్చు. ఆ పాఠం తప్పిన పిల్ల తరువాతి పాఠంలో వెనకబడుతుంది. ఏడాది చివర మార్కులు తగ్గితే చదువు అబ్బలేదని అంటాం. చదువు అబ్బకపోవడం కాదు, చలిజ్వరం. తప్పు పద్దులో రాసుకున్నాం.

గడ్చిరోలి మహారాష్ట్రలో మలేరియా ఎక్కువగా కనిపించే జిల్లాలలో ఒకటి. వానాకాలం పోతూ పోతూ జ్వరం ఇచ్చి పోతుంది, అది మామూలే అని మన పెద్దలు అంటుంటారు. మామూలే అన్న ఆ మాటే మన అసలు నష్టం. గోదావరి పనులు చేయించినవారికి కారణం తెలియక నష్టపోయారు. మనకు కారణం తెలుసు.

తల్లిదండ్రులు చేయవలసినవి:

ఒకటి. జ్వరం వచ్చిన రోజే, లేదా మర్నాడే రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇది ఉచితం. వేలికొస రక్తపుచుక్క చాలు.

రెండు. మలేరియా రెండు ముఖ్య రకాలు. ఒకటి త్వరగా ముదిరి మెదడుకు ఎక్కవచ్చు. ఇంకొకటి తగ్గినట్టే తగ్గి, కాలేయంలో దాగి, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ వస్తుంది. రెండో రకానికి సాధారణంగా పద్నాలుగు రోజుల మందు కూడా ఇస్తారు. మూడో రోజు చెమట పట్టి జ్వరం దిగింది కదా అని మిగిలిన మాత్రలు గూట్లో పెట్టకండి. డాక్టరు చెప్పినన్ని రోజులు పూర్తిగా వేయించండి.

మూడు. పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా, తిన్నది నిలవకుండా వాంతులైనా ఇంకొక పూట ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాలుగు. ఈ దోమ కుట్టేది ఎక్కువగా రాత్రిపూట. మందు పట్టించిన దోమతెర ఇస్తే చేపల వలగానో, పందిరికో వాడకండి. పిల్లలు దాని కిందే పడుకోవాలి. ఆశ్రమశాలకు, హాస్టలుకు పంపేటప్పుడు పెట్టెలో దోమతెర కూడా పెట్టండి.

ఐదు. ఎన్ని రోజులు బడి పోయిందో నోటు పుస్తకంలో రాయండి. ఆ జాబితా పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్లి, తప్పిన పాఠాలు ఏవో అడగండి. అడిగితే చెప్పనివారు అరుదు.

విద్యార్థులకు కూడా ఒక మాట. పన్నెండవ తరగతి తరువాత మీలో చాలామంది చంద్రపూర్, నాగపూర్, వరంగల్, హైదరాబాద్ వెళతారు. కొత్త ఊరిలో మొదటి ఏడాది మీకు కూడా జేమ్స్‌టౌన్ లాంటిదే. మొదటి వారంలోనే మూడు సంగతులు తెలుసుకోండి. తాగే నీళ్లు ఎక్కడివి? ప్రభుత్వ ఆసుపత్రి ఎటువైపు? ఇబ్బంది వస్తే అడగదగిన మనిషి ఎవరు? మూడు భాషల మధ్య పెరిగినవారు కనుక కొత్తవారితో మాట కలపడం మీకు కష్టం కాకూడదు. సిగ్గుపడి గదిలో కూర్చున్నవారి కంటే, పక్కవారిని అడిగి తెలుసుకున్నవారే కోర్సు పూర్తి చేస్తారు.

అభ్యాసం

1. ప్రపంచ పటంలో జేమ్స్‌టౌన్‌ను, భారతదేశ పటంలో సిరొంచ, దుమ్ముగూడెం, ధవళేశ్వరం, నాగపూర్‌లను గుర్తించండి.

2. ఎగువ గోదావరి పనులు ఆగడానికి మూడు కారణాలు రాయండి. వాటిలో ముందే ఊహించగలిగినవి ఏవి? మీ జవాబుకు కారణం చెప్పండి.

3. జేమ్స్‌టౌన్ చుట్టూ ఉన్న తెగలవారి వైపునుంచి 1609 నాటి పరిస్థితిని పది వాక్యాలలో రాయండి.

4. మీ ఇంటిలో గత వానాకాలంలో ఎవరెవరికి జ్వరం వచ్చింది, రక్తపరీక్ష ఎన్నో రోజున చేయించారు, ఎన్ని రోజులు బడి లేదా పని పోయింది, ఎంత ఖర్చయింది? అమ్మానాన్నలను, నాయనమ్మ, తాతయ్యలను అడిగి పట్టిక వేయండి.

నాలుగో ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. అయినా దానికే ఎక్కువ మార్కులు. ఆ పట్టికను ఇంటి గోడకు అంటించండి. వచ్చే వానాకాలం తరువాత దాని పక్కనే ఇంకొక పట్టిక వేసి, బడి పోయిన రోజులు ఎన్ని తగ్గాయో చూసుకోండి.